బండికొట్టం, బగ్గీఖానా, మోటర్‌ఖానా

అమ్రాబాద్‌లో ఎవరినైనా ఆపి "గ్యారేజ్ ఎక్కడ?" అని అడిగితే మెకానిక్ దుకాణం చూపిస్తారు. మన దిక్కు ఆ మాటకు మానే అదే. ఇంట్లో కారు నిలబెట్టే జాగాను షెడ్డు అంటాం. కొత్తగా కట్టుకున్నవాళ్లయితే పోర్టికో అనో, పార్కింగ్ అనో అంటారు. గ్యారేజ్ అనేది ఫ్రెంచి మాట. పడవను రేవులో భద్రంగా నిలపడం అని దాని పాత అర్థం. మోటరు కార్లు వచ్చాక వంద, నూట ఇరవై ఏళ్ల కింద అది కార్లకు అంటుకుంది.

ఉర్దూకు అరువు మాట జరూరత్ పడలేదు. చేతిలో 'ఖానా' ఉండె. ఏనుగుల జాగా ఫీల్‌ఖానా, ఒంటెలది శుతర్‌ఖానా, గుర్రపు బగ్గీలది బగ్గీఖానా. మోటరు రాగానే మోటర్‌ఖానా. ఖానా అంటే ఇల్లు. అల్మారాలో ఒక్కో అర కూడా ఖానాయే. దరఖాస్తు ఫారంలో నింపే గడి కూడా ఖానాయే. ఇల్లు, అర, కాగితం మీద గడి, మూడింటికీ ఒకటే మాట ఉండటం ఉత్త ఇత్తెఫాక్ కాదని నా ఖయాల్. సామాన్‌కు జాగా ఉండాలి, ఆ జాగాలో దానికో అర ఉండాలి, ఆ అరలో ఏముందో కాగితం మీద ఎక్కి ఉండాలి. వాహనాన్నీ సామాన్‌నూ ఒక్క కప్పు కింద పెట్టుకునే ఇంటి షెడ్డుకు ఈ మూడూ కావాలి. మన షెడ్లలో ఇవాళ మొదటిది ఉంది. మిగిలిన రెండూ ఎప్పుడు పోయాయి, వాటితోపాటు ఏం పోతోంది అనేదే ఈ వ్యాసం.

అమ్రాబాద్‌లో మోటరు కన్నా ముందు ఎద్దు ఉంది. ఎద్దంటే మామూలు ఎద్దు కాదు. తెల్లటి ఒంటి మీద గోధుమ రంగు పొడలున్న పొడ తూర్పు పశువు. అమ్రాబాద్ పీఠభూమి గడ్డి మేసి, నల్లమల గుట్టలెక్కి గట్టిపడ్డ జాతి. మహబూబ్‌నగర్ పడమటి రైతులకు ఇది తూర్పు దిక్కు నుంచి వచ్చే పశువు కాబట్టి తూర్పు అన్నారు. కురుమూర్తి జాతరలో ఈ కోడెల బేరాలు జరుగుతాయి. తరతరాలుగా వీటిని సాదింది లంబాడీలు, గొల్లలు. 2020లో జాతీయ స్థాయిలో ప్రత్యేక జాతిగా దీనికి గుర్తింపు దొరికింది. అప్పటికి ఊళ్లలో ఎడ్ల బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతకు వచ్చాయి. సర్కారు ముహర్ పడేసరికి పని పోయింది.

ఆ ఎడ్లు లాగిన బండి నిలిచే జాగా కొట్టం. పాత కొట్టాన్ని కాస్త నిదానంగా చూడాలి. ఇవాళ షెడ్డు సర్దుకోవడానికి పుస్తకాలూ వీడియోలూ చెప్పే సూత్రాలన్నీ అందులో ఉన్నాయి. కొట్టానికి నడుమ నేల బండిది, ఎడ్లది. ఆ నడుమ జాగాలో ఇంకేదీ పెట్టరు. పెడితే పొద్దున్నే బండి కట్టేటప్పుడు అడ్డం. మిగతా సామానంతా గోడకో కప్పుకో పోవాలి. గోడకు కొట్టిన గూటాలకు పగ్గాలు, పలుపులు, ముకుదాళ్లు. కాడి ఒక మూల నిలబెట్టి ఉంటుంది. దూలాల మధ్య వెదురు పరిచిన అటుక మీద గొర్రు, దంతె, గుంటుక, అంటే ఏడాదిలో కొన్నాళ్లే పని పడేవి. రోజూ కావలసింది చేతికందే ఎత్తులో, మాసానికోసారి కావలసింది తల మీద, ఏడాదికోసారి కావలసింది అటుక మీద. కందెన వెదురు గొట్టంలో ఉండేది. ఆముదంలో గడ్డి మసి కలిపి చేసిన కందెన. ఆముదాలకు పాలమూరు జిల్లా పెట్టింది పేరు కాబట్టి దానికి కరువు లేదు. ఆ గొట్టాన్ని ఇరుసు దగ్గరే వేలాడదీసేవారు. సాధనం దాని పని దగ్గరే ఉండాలన్న ఈ సూత్రానికి పెద్ద పెద్ద కార్ఖానాలు తర్వాత జపాన్ పేర్లు పెట్టుకున్నాయి.

నేల మట్టి నేల, పేడతో అలికింది. కప్పు బోద గడ్డిదో, కలిగినవాళ్లయితే పెంకుదో. ధాన్యానికి గుమ్మి వేరే. వెదురుతో అల్లి పేడ మెత్తిన గుమ్మి కొట్టం పక్కనే ఇంటి వసారాలో ఉండేది. ఇక్కడ కాగితం మీద లెక్క లేదు. ఇంటి పెద్ద తలలోనే ఫెహ్రిస్త్ ఉండేది. ఏ గూటానికి ఏం వేలాడుతుందో చీకట్లో కూడా చెప్పగలడు. సామాన్ తక్కువ కాబట్టి తలలో పట్టింది.

ఇదే అడవిలో కొట్టమే అక్కర్లేని వాళ్లున్నారు. 1943లో అచ్చయిన హైమెన్‌డార్ఫ్ పుస్తకం చెంచుల గురించే. విల్లు, గొడ్డలి, గడ్డలు తవ్వే కర్ర, కొన్ని బుట్టలు, కుండలు. ఇల్లు మారితే భుజాన వేసుకుని పోయేంత సామాన్. లంబాడీల దారి ఇంకోటి. బండి లేకుండా ఎడ్ల వీపు మీదే గోనెలు వేసి ఉప్పు, ధాన్యం దక్కన్ అంతా మోశారు. మజిలీలో ఆ గోనెలనే గోడలాగా పేర్చి లోపల పడుకునేవారు. సామానే ఇంటి గోడ. పదిహేడో శతాబ్దంలో గోల్కొండకు వజ్రాల బేరానికి వచ్చిన తావర్నియే, వేల ఎడ్ల బిడారు ఎదురైతే ఇరుకు దారిలో రెండు మూడు దినాలు ఆగాల్సి వస్తుందని రాసుకున్నాడు. ట్రాఫిక్ జాం మోటరుతో పుట్టిందని అనుకునేవాళ్ల కోసం ఈ మాట.

ఇక దర్బారు సంగతి. అబుల్ ఫజల్ 'ఆయీన్-ఎ-అక్బరీ'లో ఏనుగుల శాల, గుర్రాల శాల, ఒంటెల శాల, ఫర్రాష్‌ఖానా, దేని కానూన్ దానిదిగా రాశాడు. ఏ జానవర్‌కు ఎంత దాణా, దాన్ని చూసే నౌకర్ ఎవరు, వాడి తన్ఖా ఎంత, అన్నీ. ఇలాంటి కార్ఖానాలు వందకు పైగా ఉన్నాయంటాడు. హైదరాబాద్ ఈ నమూనానే తెచ్చుకుంది. ఫీల్‌ఖానా, జిలూఖానా అనే మొహల్లా పేర్లు ఇంకా బతికే ఉన్నాయి. అక్కడ ఏనుగు లేదు, జులూస్ లేదు. పేరు మాత్రం మిగిలింది. ప్రతి ఖానాకు ఒక దరోగా ఉండేవాడు, ఆ దరోగా చేతిలో ఒక ఫెహ్రిస్త్. సామాన్ లోపలికి వస్తే ఎక్కాలి, బయటికి పోతే కొట్టివేయాలి. షాహీ షాన్ అంతా ఏనుగుల్లో ఉందనుకుంటాం. నా లెక్కలో సగం షాన్ ఆ రిజిస్టర్‌లో ఉంది.

పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల అల్మారా చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. అల్మారా అంటున్నాను గానీ అది రెండంతస్తుల కట్టడం. పొడుగాటి దాలాన్‌కు రెండు వైపులా టేకు చెక్క తలుపుల వరుస, పై అంతస్తుకు పోవడానికి చేత్తో తిప్పే లిఫ్టు. వేసిన దుస్తులు మళ్లీ వేసేవాడు కాదని కథలు చెబుతారు. కథల మాట వదిలేద్దాం. ఇన్ని ఖానాల్లో దేన్ని ఎక్కడ పెట్టారో గుర్తుంచుకోవడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు.

ఆ పాషాకు శికార్ షౌక్. రాజా దీన్ దయాళ్ తీసిన ఫోటోల్లో ఆ క్యాంపులు కనిపిస్తాయి. డేరాలు, ఏనుగులు, వరుసగా నిలబడ్డ నౌకర్లు. అమ్రాబాద్ దగ్గర మన్ననూర్ దాటి అడవిలోకి పోతే ఫరహాబాద్. ఫరహ్ అంటే ఖుషీ. నిజాం శికార్‌గాహ్ శిథిలాలున్నది అక్కడే. అప్పట్లో ఈ గుట్టల మీదికి షాహీ సామాన్ రావాలంటే ఎడ్లు, ఏనుగులు, మనుషుల భుజాలు. ఇవాళ శ్రీశైలం రోడ్డు అదే మన్ననూర్ మీదుగా పోతుంది. రాత్రి తొమ్మిది దాటితే అడవి జంతువుల కోసం గేటు వేస్తారు. ఆ గేటు దగ్గర తెల్లారే దాకా ఆగిన కార్ల వరుస చూస్తే నాకు తావర్నియే యాదికొస్తాడు.

మోటరు హైదరాబాద్ దర్బారులోకి వచ్చిన కాలంలో అందరికీ తెలిసిన బండి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. వెనక సీటు తఖ్త్‌లాగా ఎత్తుగా కట్టించారు. మహబూబ్ అలీ పాషా ఆర్డర్ ఇచ్చారు, 1911 ఆగస్టులో ఆయన ఇంతెఖాల్ అయ్యింది, బండి వచ్చేసరికి గద్దె మీద ఉస్మాన్ అలీ ఖాన్. ఇప్పుడది చౌమహల్లాలో బగ్గీల పక్కనే ఉంది. ఆ వరుస చూస్తే మార్పు ఎంత నిదానంగా జరిగిందో తెలుస్తుంది. తొలి కార్ల డబ్బా బగ్గీ డబ్బాయే. దాన్ని పెట్టిన చోటూ బగ్గీఖానా లాంటిదే. ప్రపంచమంతటా ఇదే జరిగింది. లండన్‌లో కలిగినవాళ్ల ఇళ్ల వెనక గుర్రపు శాలలే కారు ఇళ్లయ్యాయి. గుర్రానికి గాలి కావాలి, మోటరుకు నూనె మరకలు తట్టుకునే నేల కావాలి. దాణా గది పెట్రోలు డబ్బాల గది అయ్యింది. సాయీసు పోయి షోఫరు వచ్చాడు. చాలాచోట్ల అదే మనిషి, కొత్త టోపీ.

మామూలు జనానికి మోటరు అంటే బస్సే. 1932లో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్ మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. అప్పటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాద్ బస్ భవన్‌లో నిలబెట్టి ఉంది. బస్సు నంబరులోని జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని అంటారు. ఆ మాట వింటే ప్రతి బస్సూ అమ్మ పేరు మోస్తున్నట్టు ఉంటుంది, అందుకే జనం దాన్ని వదలరు. డిపో అనేది కూడా పెద్ద మోటర్‌ఖానాయే. ప్రతి బండికి నంబరు, ప్రతి టైరుకు లెక్క, ప్రతి స్పానర్‌కు సంతకం. దర్బారు పోయినా దరోగా డిపోలో బతికాడు. పేరు స్టోర్ కీపర్ అయ్యింది.

దరోగా లేని ఖానా గతి ఏమిటో చెప్పడానికి కింగ్ కోఠీని మించిన ఉదాహరణ లేదు. 1937లో టైమ్ పత్రిక అట్ట మీద ప్రపంచంలోనే ధనవంతుడిగా కనిపించిన ఏడో నిజాం నివాసం అది. 1975లో వచ్చిన 'ఫ్రీడం ఎట్ మిడ్‌నైట్'లో లాపియెర్, కాలిన్స్ ఒక బొమ్మ గీశారు. తోటలో బంగారు కడ్డీలు నింపిన లారీలు, బరువుకు చక్రాలు ఇరుసుల దాకా భూమిలో దిగిపోయి. నేలమాళిగల్లో పాత అఖ్బార్లలో చుట్టిన నోట్ల కట్టలను ఎలుకలు కొరుకుతూ. ఆ పుస్తకానికి మసాలా ఎక్కువ. హైదరాబాద్ గురించి రాసిన పేజీల్లో ఇంకా ఎక్కువ. పిసినారి నవాబు అనే తమాషా బొమ్మ ఇంగ్లిష్ పాఠకుడికి ఎప్పుడూ నచ్చుతుంది. ఉస్మానియా యూనివర్సిటీ, ఉస్మాన్ సాగర్ ఆ బొమ్మలో పట్టవు. ఆ లారీల కథలో నిజమెంతైనా, నన్ను పట్టుకున్నది ఒక్క సంగతి. లారీ వాహనం, దాన్ని గోదాం చేశారు. పోవాల్సింది ఆగిపోయింది, ఆగాల్సింది పోవడానికి సిద్ధంగా పెట్టుకున్నారు. చివరికి రెండూ కాలేదు.

గోదాం అన్నాను కాబట్టి ఒక మాట. ఇంగ్లిష్‌వాళ్ల 'గోడౌన్' మలయ్ మాట నుంచి వచ్చిందంటారు. 1886 నాటి హాబ్సన్ జాబ్సన్ నిఘంటువు దాన్ని చెబుతూ మన తెలుగు గిడ్డంగిని కూడా పక్కన పెట్టింది. రేవుల్లో తెలుగు బేహారులు ఏం మోశారో గానీ మాట మాత్రం దూరం మోసి ఉంటారు.

1948 సెప్టెంబర్ తర్వాత, 1949లో జాగీర్లు రద్దయ్యాక, ఖానాలన్నీ ఖాళీ అవడం మొదలైంది. ఏనుగును ఎవరు మేపుతారు? పెద్ద ఇళ్లలో బగ్గీలు అమ్ముడుపోయాయి, లేదా షెడ్డు మూల బూజు పట్టాయి. ఊళ్లలో మార్పు ఇంకో తీరు. కొట్టంలో బండి పక్కన సైకిల్ చేరింది, తర్వాత స్కూటరు. కలిగిన ఇంట్లో జీపు వచ్చింది, ఇంకొన్నాళ్లకు ట్రాక్టరు. ట్రాక్టరు కొట్టంలో పట్టదు కాబట్టి బయట నిలిచింది. ఎడ్లు అమ్మేశాక నడుమ నేల ఖాళీ అయ్యింది. అసలు గడబిడ అక్కడ మొదలైంది. పొద్దున్నే బండి కట్టాల్సిన పని లేనప్పుడు నడుమ నేలను ఖాళీగా ఉంచమని అడిగేవాళ్లు లేరు. పగిలిన కూలర్, పెళ్లినాటి డేగ్‌చాలు, మోటరు పంపు ఖాళీ డబ్బా, ఒంటి కాలు మంచం, అన్నీ నడిమికి వచ్చాయి. గడ్డి పోయి రేకులు వచ్చాయి. పేడ నేల పోయి షాబాద్ బండ, తర్వాత సిమెంటు. కర్ర దర్వాజా పోయి రోలింగ్ షట్టర్. ఇంటి హంగు పెరిగింది, ఇంతజాం పోయింది.

ఇది మన ఒక్క ఊరి కథ కాదు. లాస్ ఏంజిలిస్‌లో 32 కుటుంబాల ఇళ్లను పరిశోధకులు గదిగదికీ తిరిగి చూసి 2012లో పుస్తకం వేశారు. నాలుగింట మూడు గరాజుల్లో కారు పట్టే జాగా లేదు. అమెరికాలో మనవాళ్ల ఇళ్లకు పోయినవాళ్లు చెప్పేదీ అంతే. కార్లు మంచులో, గరాజులో సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, కోవిడ్ నాటి ఎక్సర్‌సైజ్ సైకిల్.

మళ్లీ షెడ్డును దారికి తేవాలనుకునేవాళ్లకు కొట్టం లెక్కే చాలు. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు ఎక్సైజ్ తగ్గించారు. అప్పటినుంచి మన రోడ్ల మీది కార్లలో చాలా వాటి పొడవు దాదాపు పదమూడు అడుగులే. పద్దెనిమిది అడుగుల షెడ్డు అయితే ముందుకో వెనక్కో అయిదడుగులు మిగులుతాయి. ఆ వెనక గోడే మీ అటుక. ఇనుప యాంగిల్ ర్యాకు గోడకు బోల్టు వేసి కట్టాలి, కింది అర నేలకు జానెడు ఎత్తున ఉండాలి. వానాకాలంలో టైర్లతో వచ్చే నీళ్లు అక్కడికే పోతాయి కాబట్టి నేల వాలు బయటికి ఉండాలి. బరువు కింద, తేలిక పైన. ఎలుకలకు తిండి దొరికే సంచి ఏదీ వద్దు, కారు వైర్లు వాటి రెండో ఖానా. ఖానా అంటే ఉర్దూలో తిండి కూడా, రాతలోనూ పలుకులోనూ తేడా.

అయితే షెడ్డు దులిపే రోజున నాకు భయం వేసేది కూలర్ గురించి కాదు, సందుగ గురించి. తెలుగువాళ్లు సందుగ అనేది సందూక్‌నే. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో పాత ఇళ్లలో, ముస్లింలవీ కానివీ, అటుక మీద రేకు సందుగలో కాగితాలుంటాయి. 1880ల్లో ఫార్సీ పోయి ఉర్దూ దఫ్తరీ జబాన్ అయ్యింది. ఆ తర్వాత 1950ల దాకా భూమి సంగతులన్నీ చాలా వరకు ఉర్దూలోనే రాశారు. సేత్వార్, ఫైసల్ పట్టీ, ఇనాం భూములకు ముంతఖబ్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు, రక్షిత కౌలుదారుకు ఇచ్చిన సర్టిఫికెట్. ఇవాళ ఇంట్లో ఎవరికీ ఆ లిపి రాదు. చదవరాని కాగితం రద్దీ కింద లెక్క. పాత ఇనుముతో కలిపి కబాడీవాడి తక్కెట్లోకి పోతుంది.

ఉర్దూ మీడియంలో చదివిన నాలాంటివాళ్ల దగ్గరికి ఇలాంటి కాగితాలు చదివించుకోవడానికి జనం వస్తుంటారు. 2017లో రికార్డుల ప్రక్షాళన మొదలైనప్పుడు, 2020లో ధరణి వచ్చినప్పుడు ఎక్కువగా వచ్చారు. ఫోటో తెచ్చినవాళ్లకు సర్వే నంబరు, పట్టాదారు పేరు చదివి పెట్టవచ్చు. "ఉండె గానీ సర్దినప్పుడు పారేసినం" అనేవాళ్లకు చెప్పేదేమీ ఉండదు. ముత్తాత పేరు, రఖ్బా, హద్దులు ఉన్న ఒక్క ఆకు ఆ రోజు రెండెకరాల ఖరీదు. ఆ ఆకు బరువు గ్రాముల్లో కూడా సరిగ్గా తూగదు.

కాబట్టి షెడ్డు దులపడానికి ముందు సందుగ దించండి. కాగితాలు షెడ్డులో అసలు ఉండకూడదు. పెట్రోలు ఆవిరి, రేకుల కింది వేడి, నల్లమల చెదలు, మూడూ వాటికి దుష్మన్లే. ఇంటి లోపలి అల్మారాలో ఒక అర ఖాళీ చేసి పెట్టండి. లామినేషన్ చేయించవద్దు, చేస్తే ఆ ప్లాస్టిక్ మళ్లీ ఊడదు. మడతలు నిదానంగా విప్పి, రెండు వైపులా ఫోటో తీసి, చదవగలిగినవాళ్లతో పైన పెన్సిల్‌తో ఒక్క లైను తెలుగులో రాయించండి: ఏ కాగితం, ఏ సాలు, ఎవరి పేరు. అదే మీ ఫెహ్రిస్త్. తర్వాత తెల్లటి నూలు గుడ్డలో చుట్టి కట్టండి. హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు పునాది నిజాం దఫ్తర్-ఎ-దీవానీ. పాత దఫ్తర్లలో కాగితాలను నిలబెట్టిన పద్ధతి అదే, గుడ్డలో చుట్టి తాడు కట్టిన మూట. దాన్ని ఉర్దూలో బస్తా అంటారు. ఫార్సీలో బస్తా అంటే కట్టినది అని. మనం ఆ మాటను వడ్ల గోనెకు పెట్టుకున్నాం, పిల్లల బడి సంచికీ ఉర్దూ ఇళ్లలో అదే మాట. మీ కొట్టం అటుక మీద రెండు రకాల బస్తాలూ ఉండి ఉంటాయి. వడ్ల బస్తా ఎప్పుడో ఖాళీ అయి ఉంటుంది. రెండోదాన్ని మృగశిర వానలు పడకముందే దించండి.